కాగితం మ్యాప్‌తో ములుగు దాటాలంటే: ఎలా చదవాలి, ఎలా గీయాలి

పస్రా దాటి తాడ్వాయి అడవిలో పడ్డాక చాలాచోట్ల ఫోన్‌లో సిగ్నల్ పోతుంది. నీలం చుక్క కదులుతూనే ఉంటుంది గానీ దాని చుట్టూ మ్యాప్ ఉండదు, ఖాళీ బూడిద గళ్లే. ముందే ఆఫ్‌లైన్ మ్యాప్ దింపుకోవచ్చు కదా అంటారు. దింపుకోండి, నేనూ దింపుకుంటాను. కానీ బండి హ్యాండిల్‌కు తగిలించిన ఫోన్ ఎండకు కాలి తనంతట తానే ఆగిపోయిన రోజు, జేబులో మడిచిపెట్టిన కాగితమే నన్ను ఇల్లు చేర్చింది.

కాగితం మ్యాప్ చేతికిస్తే చాలామంది చేసేది ఒకటే: బయలుదేరే ఊరి నుంచి చేరే ఊరి దాకా ఎర్ర స్కెచ్ పెన్నుతో లావుగా ఒక గీత. చూడ్డానికి బాగుంటుంది. సరిగ్గా వెళ్తున్నంతసేపు ఆ గీతతో పనే లేదు. దారి తప్పినప్పుడే మ్యాప్ విప్పుతాం, అప్పుడు ఆ గీత ఏమీ చెప్పదు. కాబట్టి మ్యాప్ మీద పెట్టాల్సిన అసలు గుర్తు, మనం తప్పిపోతే ఆ సంగతి ఎక్కడ తెలుస్తుందో చెప్పే గుర్తు. ఉదాహరణకు హనుమకొండ నుంచి రామప్ప, అటునుంచి లక్నవరం చెరువు చూసుకుని తిరిగి రావడం అనుకుందాం. బండి మీద ఒక్క రోజు పని.

ముందు షీటు సంపాదించండి

బస్టాండ్‌లో దొరికే జిల్లా మ్యాపులు గోడకు బాగుంటాయి, దారికి పనికిరావు. కావాల్సింది సర్వే ఆఫ్ ఇండియా టోపోషీటు, అంటే నేల ఎత్తుపల్లాలు, వాగులు, బాటలు వివరంగా చూపే మ్యాప్. 1767లో మొదలైన సంస్థ అది. దాని ఓపెన్ సిరీస్ షీట్లను ఆన్‌లైన్ మ్యాప్స్ పోర్టల్‌లో రిజిస్టర్ చేసుకుని పీడీఎఫ్‌గా దింపుకోవచ్చు. 1:50,000 స్కేలుది తీసుకోండి. అంటే కాగితం మీద 2 సెంటీమీటర్లు నేల మీద ఒక కిలోమీటరు. గుట్ట, కుంట, వాగు, బండ్ల బాట అన్నీ కనిపించేది ఈ స్కేలులోనే.

నంబర్లు మొదట్లో కంగారు పెడతాయి. ఒక్కో షీటు 15 నిమిషాల అక్షాంశం, 15 నిమిషాల రేఖాంశం మేర నేలను చూపిస్తుంది (ఇక్కడ నిమిషమంటే డిగ్రీలో 60వ వంతు). మన దగ్గర అది సుమారు 28 కిలోమీటర్ల ఎత్తు, 26 కిలోమీటర్ల పైచిలుకు వెడల్పు. ఇక ఓరుగల్లు వాళ్ల తలరాత చూడండి: 18 డిగ్రీల అక్షాంశ రేఖ సరిగ్గా మన ఊరి మధ్యలోంచి పోతుంది. వేయిస్తంభాల గుడి పాత నంబర్ల ప్రకారం 56 ఎన్/12లో కింది అంచుకు ఆనుకుని ఉంటే, వరంగల్ కోట 56 ఓ/9లోకి పోయింది. ఒకే ఊరు, రెండు షీట్లు. ములుగు 56 ఎన్/16. రామప్ప గుడి 56 ఎన్/15లో, అదీ కింది అంచుకు సుమారు రెండు సెంటీమీటర్ల దూరంలో. 80 డిగ్రీల రేఖాంశం దాటేసరికి లక్నవరం ఏకంగా 65 బి/4లోకి దూకింది. మనకు కావాల్సిన చోటు ఎప్పుడూ షీటు అంచునే ఉంటుందని మ్యాపులు వాడేవాళ్లు విసుక్కోవడం ఊరికే కాదు. కొత్త ఓపెన్ సిరీస్ షీట్లకు నంబర్లు వేరు, మన వైపువి ఈ44తో మొదలవుతాయి. పోర్టల్‌లో ఊరి పేరుతో వెతికితే ఈ లెక్కల బాధ తప్పుతుంది గానీ, పక్క షీటు కూడా కావాలేమోనని చూసుకోవడం మాత్రం మరవకండి.

ప్రింటు దగ్గర జాగ్రత్త

జిరాక్స్ షాపులో పీడీఎఫ్ ఇవ్వగానే అతను అలవాటుగా కాగితానికి పట్టేలా కుదించి తీస్తాడు. "అసలు సైజులోనే తియ్యి అన్నా, వంద శాతం" అని చెప్పి పక్కనే నిలబడండి. అసలు సైజులో ఏ4 కాగితం మీద సుమారు 10.5 కిలోమీటర్లు వెడల్పు, 14.8 కిలోమీటర్లు పొడవు నేల పడుతుంది. హనుమకొండ నుంచి ములుగు దాకా జాతీయ రహదారే కాబట్టి దానికి ప్రింటు అక్కర్లేదు. పేర్లు రాసుకున్న చీటీ చాలు. ములుగు అవతలి ముక్కలే తీయించండి.

చేతికి రాగానే స్కేలు పెట్టి గళ్లు కొలవండి. ఒక్కో గడి వెడల్పు సరిగ్గా 2 సెంటీమీటర్లుండాలి. లేకపోతే అక్కడే మళ్లీ తీయించండి.

ఇది నాకు ఖర్చుతో వచ్చిన తెలివి. ఒకసారి ఏ3 కాగితం మీదున్నదాన్ని ఏ4కు దింపి జిరాక్స్ తీయించాను. అలా దింపితే 71 శాతానికి తగ్గుతుంది. నేనేమో కాపీ మీద 10 సెంటీమీటర్లు కొలిచి, మూలన రాసున్న 1:50,000 చూసి, ఐదు కిలోమీటర్ల నడకేనని నలుగురికి చెప్పాను. అసలు దూరం ఏడు. ఆ ఐదు అయిపోయాక మిగిలిన రెండూ ఏప్రిల్ ఎండలో, సీసాల్లో నీళ్లు అయిపోయాక నడిచాం. అందులో ఒకాయన ఇప్పటికీ నేను ఎంత దూరమని చెప్పినా "నీ కిలోమీటర్లా, సర్కారు కిలోమీటర్లా?" అని అడుగుతాడు. కాపీ కుదించాక కూడా అబద్ధం చెప్పనిది షీటు కింద ఉండే గీతల స్కేలు, అంటే కిలోమీటర్ల గుర్తులు పెట్టిన గీత ఒక్కటే. మ్యాప్‌తో పాటు అదీ కుదించుకుపోతుంది కాబట్టి. అందుకే ఏ ముక్క తీయించినా ఆ గీతల స్కేలును కత్తిరించి మూలన అంటించండి.

ఏ పెన్ను, ఏ రంగు

టోపోషీటు రంగులన్నీ ముందే పంచేసుకుంది. ఊళ్లు, రోడ్లు ఎరుపు. సాగు భూమి పసుపు. అడవి ఆకుపచ్చ. నీళ్లు నీలం. ఎత్తు చెప్పే కాంటూరు గీతలు గోధుమ రంగు. పేర్లు, సరిహద్దులు, ఎండిన వాగుల ఒడ్లు నలుపు. వీటి మీద పసుపు హైలైటర్ పూస్తే పొలంలో కలిసిపోతుంది, ఎర్ర గీత రోడ్డులో కలిసిపోతుంది. మిగిలింది ఊదా. పిల్లల రంగు పెన్సిళ్ల డబ్బాలోంచి ఊదా పెన్సిల్ తీసుకోండి. నలుపు తెలుపు జిరాక్స్ మీదైతే ఏ రంగైనా నడుస్తుంది.

స్కెచ్ పెన్ను వద్దు. చెమట తగిలితే చాలు, పాకి వెనక్కి దిగుతుంది. రాతకు 2బి పెన్సిల్ మంచిది: మెత్తగా రాస్తుంది, చెరిపితే పోతుంది, తడికి పోదు.

రుద్దితే చెరిగే జెల్ పెన్నులున్నాయి చూడండి, వాటిని మ్యాప్ దగ్గరికే రానివ్వకండి. ఆ సిరా చెరిగేది రాపిడి వల్ల పుట్టే వేడికి. దాదాపు 60 డిగ్రీలు దాటితే రంగు పోతుంది. మే నెలలో అద్దాలెత్తిన కారులో డ్యాష్‌బోర్డు ఎంత కాలుతుందో మనకొకరు చెప్పాలా? రాత్రంతా కూర్చుని గీసిన మ్యాప్‌ను అలా కారులో పెట్టి భోజనానికి వెళ్లాను. వచ్చి చూస్తే షీటు కొత్తదానిలా తెల్లగా ఉంది. ఫ్రీజర్‌లో పెడితే మళ్లీ వస్తుందన్నారు. ఇంటికొచ్చి పెడితే నిజంగానే వచ్చింది, ఎప్పుడో చెరిపేసిన పాత గీతలతో సహా.

ఇంట్లోనే గీయాల్సినవి

బయలుదేరే ముందురోజు రాత్రి అరగంట కేటాయించండి.

మొదట దారి. రోడ్డు మీద గీయకండి, రోడ్డు పక్కన గీయండి. ఒక మిల్లీమీటరు ఎడంగా, సన్నగా. రోడ్డు మీదే గీస్తే కల్వర్టు, వంపు, పక్కకు చీలే బాట అన్నీ గీత కింద కప్పబడిపోతాయి.

రెండోది మలుపులు. ఆగి ఆలోచించాల్సిన చోటల్లా చిన్న సున్నా చుట్టి, పక్కన "ఎ" అనో "కు" అనో రాయండి, ఎడమ, కుడి అని గుర్తు. మన దారిలో ములుగు దాటాక జంగాలపల్లి దగ్గర ఎడమ వైపు తిరిగితే వెంకటాపూర్ మీదుగా పాలంపేట, అంటే రామప్ప. తిరిగొచ్చి రహదారి ఎక్కాక ముందుకెళ్తే చల్వాయి దగ్గర కుడికి తిరిగితే బుస్సాపూర్, లక్నవరం. మొత్తం మీద ముఖ్యమైన సున్నాలు రెండే. పది సున్నాలు పడ్డాయంటే మీరు మలుపు కాని చోట్లు కూడా చుట్టేశారన్నమాట.

మూడోది నేను ముందు చెప్పిన గుర్తు. నేను దాన్ని అడ్డకట్ట అంటాను: దారికి అడ్డంగా రెండు చిన్న గీతలు. ప్రతి మలుపుకూ, దాన్ని చూడకుండా ముందుకు పోతే తర్వాత తప్పనిసరిగా కనిపించేదేమిటో వెతికి, దాని మీద అడ్డకట్ట వేయండి. జంగాలపల్లి మలుపు చూడలేదనుకోండి, నేరుగా పోతే చల్వాయి వస్తుంది. రామప్పకని బయలుదేరినవాళ్లకు చల్వాయి బోర్డు కనిపించిందంటే వెనక్కి తిరగాల్సిందే. లక్నవరం మలుపుకు అడ్డకట్ట పస్రా. అడ్డకట్టగా పెట్టుకునేది పెద్దదై ఉండాలి, ఎండాకాలమైనా వానాకాలమైనా ఉండాలి, రాత్రి పూటైనా తెలియాలి: ఊరు, రైలు పట్టాలు, పెద్ద వంతెన, చెరువు కట్ట. మర్రిచెట్టో, కిరాణా కొట్టో పెట్టుకోకండి. చెట్టు రోడ్డు వెడల్పులో పోతుంది, కొట్టు మూతపడుతుంది.

నాలుగోది దూరాలు. వంపులున్న దారిని స్కేలుతో కొలవలేం. కుట్టుమిషన్ దారం తీసుకుని, గోటితో నొక్కుతూ దారి వెంట పరిచి, ఆ దారాన్ని గీతల స్కేలు మీద పెట్టండి. వచ్చిన దూరాన్ని మలుపుకూ మలుపుకూ మధ్య, ఆ మలుపుకూ దాని అడ్డకట్టకూ మధ్య రాయండి. బండి మీటరు రీడింగ్ మలుపు దగ్గర చూసుకుంటే, అడ్డకట్ట దాకా పోకముందే అనుమానం వస్తుంది.

వాగు దాటే చోట్లు ఐదోది, దానికి కాస్త విడిగా చెప్పాలి.

వానాకాలం గుర్తులు

మ్యాప్ మీద నీలం గీతను దారి దాటే ప్రతిచోటా చిన్న అల గుర్తు పెట్టండి. ఎత్తు వంతెన ఉందని తెలిస్తే అల మీద ఒక గీత కొట్టేయండి. వాన వస్తే నీళ్లు పైనుంచి పోయే లో లెవెల్ కాజ్‌వే అయితే అలను ముదురు చేయండి. 2023 జులైలో ఇదే వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. జంపన్న వాగు పొంగింది, కొండాయి కొట్టుకుపోయినంత పనైంది, మోరంచపల్లి మునిగింది. అలాంటి వానలో ఏ మ్యాపూ పనికిరాదు, ఇంట్లో ఉండటమే. కానీ మామూలు ముసురులో కూడా చెరువులు నిండి మత్తడి (అలుగు) దుంకితే కింది బాట మునుగుతుంది. కట్ట ఏ వైపుందో, మత్తడి ఏ కొసనుందో, ఆ నీళ్లు ఏ వాగులో కలుస్తాయో మ్యాప్‌లో వేలు పెట్టి చూడండి. ఆ నీళ్లు మీ దారిని దాటుతుంటే ఇంకో దారి కూడా చుక్కల గీతగా ఇంట్లోనే గీసుకోండి. వాగు ఒడ్డున నిలబడి వెతకడం మొదలుపెడితే "దాటేద్దాంలే" అనే బుద్ధే పుడుతుంది.

చెరువు కట్ట పక్కన "5ఆర్" లాంటి రాత కనిపిస్తే కంగారు పడకండి. కట్ట చుట్టుపక్కల నేల కంటే 5 మీటర్లు ఎత్తుందని దానర్థం. అలాంటి కట్ట దూరం నుంచే కనిపిస్తుంది, మంచి గుర్తు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోవాలి: మ్యాప్‌లో నీలంగా ఉన్న కుంట మేలో పశువులు మేసే బయలుగా ఉండొచ్చు. నీళ్ల కోసం చూడకండి, కట్ట కోసం చూడండి.

మ్యాప్ పాతదైతే

పాతదే ఉంటుంది, దాంతోనే సర్దుకోవాలి. గుట్టలు, వాగులు, కాకతీయుల చెరువులు ఎక్కడికీ పోవు. మారేవి మనుషులు పెట్టినవి. హైదరాబాద్ నుంచి వరంగల్, ములుగు మీదుగా భూపాలపట్నం పోయే రహదారి పాత మ్యాపుల్లో 202, ఇప్పుడు 163. జిల్లా సరిహద్దులనైతే అసలు చూడనే వద్దు: 2016 అక్టోబరులో పాత వరంగల్ ముక్కలైంది, 2019లో ములుగు విడిపోయింది, 2021లో వరంగల్ అర్బన్ జిల్లా కాస్తా హనుమకొండ, వరంగల్ రూరల్ కాస్తా వరంగల్ అయ్యాయి. చాలా తండాలు పాత షీట్లలో పేరు లేని రెండు మూడు ఎర్ర చుక్కలు మాత్రమే. ఇప్పుడవి సొంత పంచాయతీలు.

పేర్ల తిరకాసు ఇంకోటి. ములుగు జిల్లాలోనే వెంకటాపూర్ ఉంది, వెంకటాపురమూ ఉంది. మొదటిది రామప్ప దగ్గర, రెండోది గోదావరి అవతల. "వెంకటాపూర్‌కు ఎటు?" అని ఏటూరునాగారం దగ్గర అడిగితే గోదావరి దాటిస్తారు. అందుకే ఊరి పేరు పక్కన మండలమో, పక్క ఊరో కూడా పెన్సిల్‌తో రాసుకోండి.

రోడ్డు మీద

మడత ముఖ్యం. పూర్తిగా విప్పిన షీటు గాలికి తెరచాపే. విసనకర్ర మడతలు పెట్టి, ఇప్పుడు వెళ్తున్న ముక్క పైకి వచ్చేలా పాలిథిన్ కవర్లో పెట్టండి. సర్టిఫికెట్లు పెట్టుకునే జిప్ కవరు చాలు. లామినేషన్ చేయిస్తే మడత పడదు, పెన్సిల్ పడదు.

ఆగిన ప్రతిసారీ మొదట మ్యాప్‌ను నేలతో కలపండి: మ్యాప్ ఉత్తరం నిజమైన ఉత్తరం వైపు తిరగాలి. అక్షరాలు తలకిందులైనా పర్వాలేదు. కంపాస్ ఉంటే బండికి, ఫోన్‌కు నాలుగడుగులు దూరం జరిగి చూడండి. మన ప్రాంతంలో కంపాస్ ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా ఒక డిగ్రీ లోపే, పట్టించుకోనక్కర్లేదు.

మధ్యాహ్నం నీడ ఉత్తరానికి పడుతుందని బడిలో విని ఉంటారు. మన దగ్గర అది ఏడాదంతా నిజం కాదు. 18 డిగ్రీల అక్షాంశం మీద మే రెండో వారం తర్వాత నుంచి జులై చివరిదాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు, నీడ దక్షిణానికి పడుతుంది. ఆ రోజుల్లో నీడను నమ్ముకుంటే నేరుగా ఎదురు దిక్కుకే పోతారు. దానికంటే ఊళ్లో మసీదు నయం: మన దగ్గర కిబ్లా గోడ, అంటే నమాజులో ఎదురుగా ఉండే గోడ, పడమర వైపు, రవ్వంత వాయవ్యంగా ఉంటుంది.

దిక్కు కుదిరాక బొటనవేలు మీరున్న చోట పెట్టండి. కదిలినప్పుడల్లా వేలు కదలాలి. వెనక కూర్చున్నవాళ్లుంటే ఈ పని వాళ్లది, బండి నడిపేవాళ్లు మ్యాప్ చూడకూడదు. సున్నా దాటగానే దాని పక్కన టైము రాయండి, "10:40" అని అంతే. తర్వాత ఎక్కడైనా అయోమయం పడితే, 10:40కి ఇక్కడున్నాం, ఇప్పుడు 11, గంటకు ముప్పై కిలోమీటర్ల లెక్కన పదికి మించి వచ్చి ఉండం అని వెతికే చోటు కుదించుకోవచ్చు. దారి తప్పాక మ్యాప్ మొత్తం వెతికేవాళ్లకీ నాలుగు గళ్లు వెతికేవాళ్లకీ తేడా ఆ టైము రాతే.

కిలోమీటరు రాళ్లు చదవడం అలవాటు చేసుకోండి. తల పసుపైతే జాతీయ రహదారి, ఆకుపచ్చైతే రాష్ట్ర రహదారి, నారింజైతే పల్లె రోడ్డు. పసుపు రాళ్ల దారిలో ఉండాల్సినవాళ్లకు నారింజ రాయి కనిపిస్తే ఇంకేం చెప్పాలి.

అడిగేటప్పుడు

మ్యాప్ ఉందని అడగడం మానకండి. కానీ అడిగే తీరు ఉంది. "పెద్దయ్యా, ఈ బాట రామప్పకు పోతదా?" అంటే "ఆఁ, పోతది బిడ్డా" అనే అంటారు. కాదనడం ఎవరికీ ఇష్టం ఉండదు, పైగా చుట్టు తిరిగైనా పోతుంది కదా. "ఈ బాట ఏడికి పోతది?" అని అడగండి, అప్పుడు ఊరి పేరు చెబుతారు. ఆ పేరు మ్యాప్‌లో వెతకండి. ఒకసారి పొలం గట్టున కూర్చున్న ముసలాయన ముందు షీటు పరిస్తే, అక్షరం చదవకుండానే చెరువు ఆకారం చూసి, "గిది మా చెర్వు గాదు, మా చెర్వుకు రెండు మత్తళ్లుంటయ్" అన్నాడు. అంతదాకా నేను పక్క ఊరి చెరువు దగ్గరున్నాననే అనుకుంటున్నాను.

"ఇగో, గీడనే, దగ్గర్నే" అన్నదాన్ని కిలోమీటర్లలోకి మార్చకండి. నడకా, బండా అని అడగండి. డాంబరా, మొరమా అని అడగండి.

తిరిగి వచ్చాక

ఆ రాత్రే కూర్చోండి, వారం తర్వాత ఏదీ గుర్తుండదు. మూసేసిన దారికి ఇంటూ గుర్తు, కొత్తగా వేసిన దారికి జంట గీత, ఊదా పెన్సిల్‌తో. ప్రతిదాని పక్కన నెల, ఏడాది. తేదీ లేని ఇంటూ గుర్తు మూడేళ్ల తర్వాత ఎవరికీ అర్థం కాదు. షీటు వెనక మీ గుర్తుల అర్థాలు రాసిపెట్టండి: అల అంటే ఏమిటి, రెండు గీతలంటే ఏమిటి. రేపు మీ తమ్ముడో చెల్లెలో అదే షీటు పట్టుకుని బయలుదేరుతారు.

మడతలు పడ్డ చోటే కాగితం మొదట చిరుగుతుంది, అక్కడ వెనక వైపు టేపు వేయండి. దాచేటప్పుడు మాత్రం మడవకండి. ప్లంబింగ్ షాపులో మూడు అంగుళాల పీవీసీ పైపు ముక్క, రెండు మూతలు అడిగితే ఇస్తారు. చుట్టి అందులో పెట్టి, మూత మీద షీటు నంబర్లు రాసి, అటక మీద పడేయండి. చెదలు దాని జోలికి రావు.